లాక్‌డౌన్ తర్వాత కాన్పులు పెరిగాయా, తగ్గాయా? విశాఖ లెక్కల్లోని చిక్కు

క్లుప్తంగా: మహమ్మారి వచ్చినప్పుడు జననాలు ముందు తగ్గుతాయి, తర్వాత కొంత తేరుకుంటాయి. అయితే ఆ తగ్గుదల అన్ని ఇళ్లలో ఒకేలా ఉండదు. చదువు, నెల జీతం, దగ్గర్లో ఆసుపత్రి ఉన్నవాళ్లు పిల్లల్ని వాయిదా వేసుకోగలరు. అవి లేనివాళ్లకు ఆ వీలే పోతుంది. విశాఖపట్నంలాంటి చోట ఈ రెండు కదలికలూ ఒకే సగటులో కలిసిపోతాయి. పైగా కాన్పు ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది కాబట్టి, నగరం లెక్క చూసి నగరవాసుల గురించి మాట్లాడటం కుదరదు.

2020 వేసవిలో ఫోన్లలో తిరిగిన జోకుల్లో ఒకటి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆలుమగలిద్దరూ ఇంట్లోనే ఉంటున్నారు, డిసెంబరుకల్లా పురిటి మంచాలు చాలవు అని. అదే మే నెలలో యునిసెఫ్ ఒక అంచనా ఇచ్చింది. కరోనాను మహమ్మారిగా ప్రకటించిన మార్చి 11 మొదలు తొమ్మిది నెలల్లో భారతదేశంలో 2 కోట్ల పైచిలుకు శిశువులు పుడతారన్నది దాని సారాంశం. చాలామంది దాన్ని జోకుకు రుజువుగా తీసుకున్నారు. మన దేశంలో ఏటా రెండున్నర కోట్లకు కాస్త అటూ ఇటూగా జననాలు ఉంటాయి. తొమ్మిది నెలలకు 2 కోట్లంటే మామూలుకు దగ్గరి అంకే. అదీగాక ఆ పిల్లల్లో దాదాపు అందరూ లాక్‌డౌన్‌కు ముందే కడుపున పడ్డవాళ్లు. మార్చి 25 తర్వాత నీళ్లోసుకున్న మహిళకు నెలలు నిండేది డిసెంబరు రెండో పక్షంలో. ఆసుపత్రులు కిక్కిరిసిన కాలంలో ఇంతమంది గర్భిణులకు వైద్యం అందుతుందా అన్నది యునిసెఫ్ అసలు ఆందోళన. అది జోకుల హోరులో కొట్టుకుపోయింది.

ఇప్పుడు ప్రశ్న అటు నుంచి ఇటు తిరిగింది. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ ఎత్తేసింది. పిల్లలు తగ్గిపోతున్నారన్న చర్చ ఊపందుకుంది. ఆ చర్చలో ఎవరో ఒకరు ‘కరోనా తర్వాతే ఇలా అయింది’ అంటూనే ఉన్నారు. ఆ మాటకు లెక్కల మద్దతు తక్కువ.

కరోనాకు ముందే ఎక్కడున్నాం

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు 1.7. అంటే ఒక మహిళ జీవితకాలంలో కనే పిల్లల సగటు అది. దేశం మొత్తానికి 2.0. జనాభా తరిగిపోకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. ఈ సర్వే పేరు పక్కన 2019-21 అని ఉంటుంది కాబట్టి కరోనా ప్రభావం అందులో కలిసిందని చాలామంది అనుకుంటారు. దేశవ్యాప్తంగా సర్వే రెండు విడతల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్ మొదటి విడతలో ఉంది. ఇక్కడ ఇంటింటికీ వెళ్లి వివరాలు తీసుకోవడం కరోనా రాకముందే అయిపోయింది. కాబట్టి 1.7 అన్నది పూర్తిగా పాత కాలపు అంకె. ఎంపిక చేసిన ప్రాంతాల్లో జననాలను లెక్కించి ఏటా వెలువరించే నమూనా నమోదు వ్యవస్థ లెక్కల్లో రాష్ట్రం ఇంకా కింద ఉంది. 2019లోనూ, 2020లోనూ 1.5 దగ్గరే.

అంటే మహమ్మారి వచ్చేసరికే ఇక్కడి కుటుంబం చిన్నది. అలాంటి చోట జననాలు ఇంకా తగ్గితే అది కరోనా పనా, పాత జారుడా అని విడదీయడం కష్టం.

వర్గాల మధ్య తేడా చూస్తే అదే సర్వేలో దేశస్థాయి అంకెలు ఆసక్తిగా ఉంటాయి. అట్టడుగు ఆదాయ వర్గంలో 2.6, పై వర్గంలో 1.6. బడి మెట్లెక్కని మహిళల్లో 2.8, ఇంటర్ పూర్తిచేసినవారిలో 1.8. షెడ్యూల్డ్ తెగల్లో 2.1 ఉంటే, రిజర్వేషన్ల పరిధిలోకి రాని కులాల్లో 1.9. కులం తెచ్చే తేడా కంటే డబ్బు, చదువు తెచ్చే తేడా చాలా పెద్దది. టీవీ చర్చల్లో మాత్రం దీనికి సరిగ్గా తలకిందులుగా మాట్లాడతారు.

మహమ్మారి జననాలను ఎలా కదుపుతుంది

1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. 1911 నుంచి 1921 మధ్య దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. జనగణన చరిత్రలో అలా జరిగిన దశాబ్దం అదొక్కటే. మరణాలకు తోడు 1919లో జననాలు కూడా బాగా పడిపోయాయి. ఆ జబ్బు ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల వాళ్లనే పొట్టన పెట్టుకుంది. ఒక ఇంట్లో భార్యో భర్తో పోతే, ఆ ఇంట్లో పుట్టాల్సిన పిల్లలూ లేనట్టే.

ఆ కాలపు లెక్కలను తవ్విన పరిశోధకులు వాడే పద్ధతి ఒకటుంది. మరణాలు ఎక్కువైన నెల నుంచి లెక్కపెట్టి, జననాలు ఎన్నో నెలలో తగ్గాయో చూస్తారు. ఆరేడు నెలలకు తగ్గితే గర్భస్రావాలు, నెలలు నిండని కాన్పులు పెరిగాయని అర్థం. తొమ్మిది, పది నెలలకు తగ్గితే గర్భధారణలే తగ్గాయని. అమెరికాలో 1918 తర్వాతి తగ్గుదల ఆరేడు నెలల దగ్గరే కనిపించింది. అంటే ఎక్కువ నష్టం అప్పటికే కడుపుతో ఉన్నవాళ్లకు జరిగింది. నార్వేలో 1919లో తగ్గిన జననాలు 1920లో ఎగసిపడ్డాయి.

కరోనా దారి వేరు. జబ్బు ముఖ్యంగా వయసు మళ్లినవారి ప్రాణాలు తీసింది కాబట్టి, పిల్లలు కనే వయసు జంటల మీద పనిచేసినవి భయం, జీతం, మూసిన ఆసుపత్రి, ఆగిన పెళ్లి. రెండో వేవ్‌లో గర్భిణులకూ జబ్బు తీవ్రమైంది. మొదటి వేవ్‌లో వైరస్ సోకిన బాలింతలు, గర్భిణుల్లో లక్షణాలు కనబడ్డవారు 14 శాతమైతే, రెండో వేవ్‌లో 28 శాతం దాటారని భారత వైద్య పరిశోధన మండలి చెప్పింది. గర్భిణులకు టీకా వేయొచ్చని కేంద్రం చెప్పింది 2021 జులైలో. అప్పటికి రెండో వేవ్ దిగిపోతోంది.

2021 ఆరంభంలో ఇటలీలో జననాల రేటు ఉండాల్సినదానికన్నా 9 శాతం, స్పెయిన్‌లో 8 శాతం పైగా తగ్గింది. అదే సమయంలో నార్వే, ఫిన్లాండ్‌లలో తగ్గుదల లేకపోగా, 2021లో కాస్త పెరిగాయి. ఉద్యోగం పోయినా ఇల్లు గడుస్తుందన్న ధీమా ఉన్న దేశాలవి. తుపానుల మీద అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం ఇదే మాట మరోలా చెబుతుంది. చిన్నపాటి హెచ్చరిక వచ్చి జనం ఇంట్లో ఉండిపోతే తొమ్మిది నెలలకు జననాలు కొద్దిగా పెరిగాయి. తీవ్రమైన హెచ్చరిక వస్తే తగ్గాయి. హుద్‌హుద్ చూసిన విశాఖవాసులకు ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

వర్గాల తేడాకు బ్రెజిల్ మంచి ఉదాహరణ. 2015-16లో జికా వైరస్ వచ్చి పిల్లలు చిన్న తలలతో పుట్టడంతో గర్భం వాయిదా వేసుకోమని ప్రభుత్వమే చెప్పింది. దేశంలో జననాలు 30.2 లక్షల నుంచి 28.6 లక్షలకు తగ్గాయి. మహిళలతో మాట్లాడిన పరిశోధకులకు తెలిసిందేమిటంటే, గర్భం వద్దనుకోవడం అన్ని వర్గాల్లోనూ ఉంది. అనుకున్నది జరిగించుకోగలిగింది మాత్రం డబ్బున్నవాళ్లే. అమెరికాలో 2020లో జరిగిన ఒక సర్వేలో మూడోవంతు మహిళలు కరోనా వల్ల పిల్లల్ని వాయిదా వేయాలనో, తగ్గించుకోవాలనో అనుకుంటున్నామన్నారు. నల్లజాతి, హిస్పానిక్ మహిళల్లో ఆ కోరిక ఇంకా ఎక్కువ. మరుసటి ఏడాది అక్కడ పెరుగుదల కనిపించిన వర్గాల్లో ముప్పై దాటిన, డిగ్రీ చదివిన మహిళలు ఉన్నారు. ఇంటి నుంచి పని చేసుకునే వీలు ఎవరికి దొరికిందో గుర్తుచేసుకుంటే కారణం అర్థమవుతుంది.

కోరిక, దాన్ని నెరవేర్చుకునే శక్తి: ఈ రెంటి మధ్య దూరమే వర్గాల తేడాగా బయటపడుతుంది. విశాఖను చూడాల్సింది ఈ కోణంలోనే.

వాయిదా వేసుకోగలిగినవాళ్లు

మధురవాడ, రుషికొండ చుట్టుపక్కల ఐటీ ఉద్యోగులు, బెంగళూరు, హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్‌లతో సొంతూరు చేరుకున్నవాళ్లు, ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డుల్లో పర్మనెంట్ ఉద్యోగులు, బ్యాంకు, ప్రభుత్వ కొలువుల వాళ్లు ఒక వర్గం. వీరికి జీతం ఆగలేదు, ఆగినా కొన్నాళ్లే. ఈ వర్గంలో మొదటి సంతానం కంటే రెండో సంతానం విషయంలోనే వాయిదా తేలిక. ‘పరిస్థితులు కుదుటపడ్డాక చూద్దాం’ అన్న మాట రెండేళ్లు సాగితే, ముప్పై మూడేళ్ల తల్లికి ముప్పై అయిదు వస్తాయి. అక్కడ వాయిదా కాస్తా రద్దుగా మారే అవకాశం ఉంది. 2020 వేసవిలో సంతాన సాఫల్య కేంద్రాలు కొత్త చికిత్సలు ఆపేయడం కూడా ఈ వయసు జంటలనే ఎక్కువ దెబ్బతీసింది. ఇరవై అయిదేళ్ల అమ్మాయికి ఆర్నెల్లు పోతే పోయేది పెద్దగా లేదు. ముప్పై ఎనిమిదేళ్ల ఆమెకు ఆర్నెల్లంటే చాలా పోయినట్టే.

మొదటి సంతానం మాత్రం పెళ్లితో ముడిపడి ఉంటుంది. మన దగ్గర పెళ్లయిన ఏడాది, రెండేళ్లలో తొలి కాన్పు కావడం మామూలు. కాబట్టి ముహూర్తం వెనక్కి జరిగితే కాన్పూ వెనక్కి జరుగుతుంది. జపాన్‌లో 2020లో పెళ్లిళ్లు సుమారు 12 శాతం తగ్గాయి, ఆ తర్వాత జననాలు పడుతూనే వచ్చాయి. ఇక్కడ 2020 వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలు లాక్‌డౌన్‌లో పోయాయి. ఘనంగా చేయాలనుకున్నవాళ్లు ఫంక్షన్ హాలు అడ్వాన్సు వదులుకుని మరో ఏడాదికి వాయిదా వేసుకున్నారు. ఖర్చు కలిసొస్తుందనుకున్నవాళ్లు యాభై మందితోనే కానిచ్చేశారు. ఇక్కడా రెండు వర్గాలు రెండు వైపులకు నడిచాయి.

జననాల నెలలను సర్దడం తెలుగు ఇళ్లకు కొత్తేమీ కాదు. ఆషాఢంలో కొత్తకోడలిని పుట్టింటికి పంపే ఆచారానికి పెద్దలు చెప్పే కారణాల్లో ఒకటి, ఆ నెలలో కడుపు పండితే కాన్పు మండు వేసవిలో వస్తుందని. ఒక నెల ఎడబాటు జననాన్ని ఒక నెల జరుపుతుంది, అంతే. లాక్‌డౌన్ చేసిన పనిలో సగం ఇలాంటిదే.

వాయిదా చేతిలో లేనివాళ్లు

ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌కు ఒక ప్రత్యేకత ఉంది. పిల్లలు చాలనుకున్నాక మన దగ్గర చేసే పని దాదాపు ఒక్కటే: ఆపరేషన్. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ల వివాహితల్లో 69.6 శాతం మందికి ఆ ఆపరేషన్ అయింది. దేశ సగటు 37.9 శాతం. మాత్రలు, నిరోధ్, లూప్, మిగతా ఆధునిక పద్ధతులన్నీ కలిపినా రాష్ట్రంలో ఒకటి, రెండు శాతానికి మించవు. ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్: మామూలు రోజుల్లో ఇది గడియారంలా నడిచే ఏర్పాటు.

2020 ఏప్రిల్, మే నెలల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు దేశమంతా దాదాపు నిలిచిపోయాయి. ఒకే తలుపున్న ఇంట్లో ఆ తలుపు మూస్తే ఏమవుతుందో ఇక్కడ అదే అవుతుంది. మాత్రలు వాడే అలవాటున్న రాష్ట్రంలో జంటలు ఇంకో దారి చూసుకుంటాయి. మన దగ్గర కాన్పుల మధ్య ఎడం ఉంచే తాత్కాలిక పద్ధతుల అలవాటే లేదు. ఆ దెబ్బ కూడా సమానంగా తగలదు. రాష్ట్రంలో 42 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ వాటా ఇంకా ఎక్కువ. రెండో కాన్పు సిజేరియన్ అయితే అదే బల్ల మీద ఆపరేషన్ కూడా చేసేస్తారు. సిజేరియన్లు మరీ ఎక్కువన్న విమర్శ న్యాయమైనదే, కానీ ఈ ఒక్క విషయంలో అది లాక్‌డౌన్‌కు అడ్డుగోడైంది. మామూలు కాన్పయి ఇంటికెళ్లి, కొన్నాళ్లకు క్యాంపుకో, పెద్దాసుపత్రికో వచ్చి చేయించుకుందామనుకున్న మహిళ ఇరుక్కుపోయింది. ఆమె ఎక్కువగా పల్లెలోనో, కొండల్లోనో, గాజువాక పారిశ్రామిక వాడల దగ్గరి కార్మికుల కాలనీల్లోనో ఉంటుంది.

పాడేరు, అరకు, చింతపల్లి వైపు సంగతి మరింత చిక్కు. మామూలు రోజుల్లోనే రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చి, అంబులెన్సు అందే చోటికి చేర్చాలి. లాక్‌డౌన్‌లో సంతలు మూతపడ్డాయి. సంత లేకపోతే ఆటోలూ జీపులూ లేవు. ఆశా కార్యకర్తలకు కరోనా సర్వే పని అదనంగా వచ్చి పడింది. 2020 మేలో దేశస్థాయిలో ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన అంచనా ప్రకారం ఈ సేవలు ఆగడం వల్ల సుమారు 2.6 కోట్ల జంటలకు గర్భనిరోధక సాధనాలు అందవు, దాదాపు 24 లక్షల అవాంఛిత గర్భాలు వస్తాయి. ఇందులో ఎక్కువ భాగం కాన్పు దాకా రావని కూడా ఆ అంచనాయే చెప్పింది. జనన సంఖ్యల్లో కనిపించని భాగం ఇదే. మన దేశంలో గర్భస్రావాలు చాలావరకు మందుల షాపులో కొన్న మాత్రలతో, ఆసుపత్రి గడప తొక్కకుండానే జరుగుతాయి. జననాలు పెరగలేదు కాబట్టి ఇబ్బందీ లేదనుకుంటే, ఆ మాత్ర మింగిన మహిళ లెక్కలోంచి జారిపోతుంది.

మత్స్యకారుల సంగతి మరీ వేరు. ఉత్తరాంధ్ర తీరం నుంచి ఏటా వేల మంది గుజరాత్‌లోని వెరావల్ వైపు బోట్ల మీద పనికి వెళ్తారు, నెలల తరబడి అక్కడే ఉంటారు. 2020లో నాలుగు వేల మందికి పైగా అక్కడే చిక్కుకుపోయి, మే నెల నాటికి బస్సుల్లో ఇల్లు చేరారు. మామూలుగానే వాళ్ల ఇళ్లలో కాన్పుల నెలలు వలస రాకపోకలను బట్టి ఉంటాయి. లాక్‌డౌన్ ఆ క్యాలెండర్‌ను కొంచెం కుదిపింది తప్ప, పిల్లల మొత్తం సంఖ్యను మార్చడానికి పెద్ద కారణం కనిపించదు.

ఆడపిల్లల పెళ్లి వయసు మరో దారి. రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అదే సర్వే చెప్పింది. అదీ కరోనాకు ముందు మాట. బడి మూతపడి, అమ్మాయి ఇంట్లో ఉండి, పెళ్లి ఖర్చు కలిసొచ్చే రోజులొస్తే పేద ఇంట్లో ఆలోచన ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు. అలాంటి పెళ్లి మొదటి కాన్పును రెండు, మూడేళ్లు ముందుకు లాగుతుంది. ఎబోలా సమయంలో సియెర్రా లియోన్‌లో బడులు మూసినప్పుడు టీనేజీ గర్భాలు పెరగడం నమోదైంది.

పుట్టింటి కాన్పు, నగరపు రిజిస్టరు

ఇన్ని పాయలున్నప్పుడు నగరంలో నమోదైన జననాల పట్టిక చూస్తే సరిపోదా అనిపిస్తుంది. అక్కడే అసలు పొరపాటు జరుగుతుంది. 1969 నాటి చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. నమోదు జరిగేది కాన్పు అయిన చోట, తల్లి కాపురం ఉండే చోట కాదు. కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్), ఘోషా ఆసుపత్రికి, నగరంలోని ప్రైవేటు నర్సింగ్ హోములకు శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు నుంచి కూడా కాన్పులు వస్తాయి. వాటిలో ప్రతిదీ విశాఖ ఖాతాలో పడుతుంది. బస్సులు ఆగిన నెలల్లో ఆ తల్లులు దగ్గర్లోని ఏరియా ఆసుపత్రికే వెళ్లి ఉంటే, నగరంలో జననాలు తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక్క బిడ్డ కూడా తగ్గి ఉండకపోవచ్చు.

దీనికి తోడు తొలి కాన్పు పుట్టింట్లో చేసే ఆచారం. హైదరాబాద్‌లో కాపురమున్న విశాఖ అమ్మాయి ఏడో నెలలో పుట్టింటికొచ్చి కంటే విశాఖ జననం. రైళ్లు లేక అక్కడే ఉండిపోతే హైదరాబాద్ జననం. ఇంటి నుంచి పని మొదలయ్యాక ఇద్దరూ ఇక్కడికే వచ్చేస్తే మళ్లీ విశాఖ లెక్క పెరుగుతుంది. ఈ పెరుగుదలను చూసి ‘నగరంలో జనం ఎక్కువ పిల్లల్ని కంటున్నారు’ అని శీర్షిక పెట్టడం తేలిక. ఏజెన్సీలో ఇంటి దగ్గర జరిగిన కాన్పు మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక, ఆధార్‌కో బడికో సర్టిఫికెట్ కావాల్సి వచ్చినప్పుడు రిజిస్టరుకు ఎక్కుతుంది.

కాగితం మీది ఎగుడుదిగుడు

దేశస్థాయిలో ఈ తేడాను అంకెలతోనే చూడొచ్చు. నమోదైన జననాలు 2019లో 2.48 కోట్లు. 2020, 2021 రెండేళ్లూ 2.42 కోట్లు. 2022లో ఒక్కసారిగా 2.54 కోట్లు. ఇది చూస్తే మహమ్మారిలో తగ్గి, తర్వాత పుంజుకున్నట్టు చక్కగా ఉంటుంది. రిజిస్టర్లతో పనిలేకుండా ఎంపిక చేసిన ప్రాంతాల్లో ఏడాదంతా లెక్క తీసే నమూనా నమోదు వ్యవస్థలో మాత్రం ఈ గుంటా లేదు, గుట్టా లేదు. వెయ్యి జనాభాకు జననాలు 2019లో 19.7, 2020లో 19.5, 2021లో 19.3, 2022లో 19.1. నిదానంగా దిగే మెట్లు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, రిజిస్టర్లలోని గుంటలో చాలా భాగం ఆఫీసులు మూతపడి ఆలస్యమైన నమోదుదని, తర్వాతి ఎగుడు ఆ బాకీ తీరడమని అనుకోవడం సబబు. అలాగని మహమ్మారి ఏమీ చేయలేదనలేం. మధురవాడ ఫ్లాట్‌లో వాయిదా పడిన బిడ్డ, చింతపల్లి దగ్గరి గూడెంలో అనుకోకుండా పుట్టిన బిడ్డ సగటులో ఒకరినొకరు కొట్టేసుకుంటారు. 19.5 అన్న అంకె ఆ ఇద్దరి గురించీ ఏమీ చెప్పదు.

ఇక ముందు ఏం చూడాలి

పాత విశాఖ జిల్లా 2022 ఏప్రిల్‌లో మూడు ముక్కలైంది. కొండ ప్రాంతం చాలావరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, పల్లెలు, పారిశ్రామిక మండలాలు ఎక్కువగా అనకాపల్లికి వెళ్లాయి. మిగిలిన విశాఖపట్నం జిల్లా దాదాపు పట్టణమే. 2019 జిల్లా అంకెను 2023 జిల్లా అంకెతో పోల్చితే సంతానోత్పత్తి దారుణంగా పడిపోయినట్టు కనిపించవచ్చు. తగ్గింది జిల్లా విస్తీర్ణం. ఇలాంటి పోలికలు ఇప్పటికే చలామణిలోకి వస్తున్నాయి కాబట్టి మండలం వారీగా చూడనిదే ఏదీ నమ్మడానికి లేదు.

క్షేత్రస్థాయిలో మొదటి ఆనవాలు బడుల్లో దొరుకుతుంది. 2020 డిసెంబరు నుంచి 2022 దాకా పుట్టిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరుగా అంగన్‌వాడీ దాటి ఒకటో తరగతి వయసుకు వస్తున్నారు. ప్రైవేటు స్కూళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో చేరికలు వేర్వేరు దిశల్లో కదిలితే, అది రిజిస్టర్ల కన్నా నమ్మదగిన సాక్ష్యం. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాపడి 2027కు చేరింది. ఈసారి కులం వివరాలు కూడా తీసుకుంటున్నారు. గత జనగణనల్లో పెళ్లయిన మహిళలను ఎంతమంది పిల్లల్ని కన్నారో అడిగారు. ఈసారి ఆ జవాబులు తల్లి వయసు, చదువు, కులం, మండలం వారీగా బయటికొస్తే, ముప్పై అయిదు దాటాక ఒక్క బిడ్డతో ఆగిపోయిన తల్లులు ఏ ఇళ్లలో ఎక్కువయ్యారో, మూడో కాన్పు ఏ ఇళ్లలో జరిగిందో విడివిడిగా కనబడుతుంది.